లేవని ఒంటె

ఐదో రోజు పొద్దున కూడా ఒంటె లేవలేదు.

ఖలఫ్ నమాజు ముగించి, కంబళి భుజాన వేసుకుని గుడారం బయటికొచ్చి చూశాడు. నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. మొన్న ఎక్కడుందో అక్కడే. నాలుగు కాళ్ళూ ఒంటికింద మడుచుకుని, మెడ నిటారుగా పెట్టి, తీరిగ్గా నెమరు వేస్తూ, ఈ ఎడారంతటికీ తనే పట్టాదారైనట్టు చూస్తోంది. వీపు మీంచి రెండు పక్కలా నేల దాకా ఎర్ర కంబళి. అతిథి కప్పాడు. చలి పడదట.

"చావనైనా చావవు" అనుకున్నాడు ఖలఫ్. అనుకున్న మరుక్షణమే నాలిక కరుచుకున్నాడు. అతిథి ఒంటె చావు కోరుకోవడం తప్పు. పైగా అది చస్తే దాన్ని పూడ్చేదాకా, ముసలాయన దుఃఖం తీరేదాకా ఇంకో పది రోజులు ఇక్కడే పడి ఉండాలి.

హుసైమ్ వాగులో వాన పడి పన్నెండు రోజులైంది. ఈపాటికి అక్కడ గడ్డి గొర్రె మూతికి అందేంత లేచి ఉంటుంది. ఇక్కడ గొర్రెలు రాళ్ళని నాకుతున్నాయి. సగం మంద చూడి మీద ఉంది. పోయినేడు బండి గేరు విరిగి, అందరికంటే తొమ్మిది రోజులు వెనక వాగు చేరాడు. అప్పటికి మిగిలింది ముళ్ళే. తల్లుల పొదుగులు ఎండిపోయి, పుట్టిన పిల్లల్లో మూడో వంతు అతని చేతుల్లోనే పోయాయి. ఈ ఏడు అలా కాకూడదని వాన కబురు తెలిసిన మర్నాడే గుడారం విప్పడం మొదలెట్టాడు. మొదటి గుంజ పీకాడు కూడా.

సరిగ్గా అప్పుడొచ్చాడు ముసలాయన.

అందరూ పికప్పుల్లో తిరిగే ఈ కాలంలో ఒంటె మీద, ఒంటరిగా, పొద్దు వాలే వేళ. అక్కడ ఉన్నవి రెండే కుటుంబాలు, ఖలఫ్‌దీ వాళ్ళ పెదనాన్న కొడుకు దహ్హామ్‌దీ. దహ్హామ్ గుడారం అప్పటికే బండి ఎక్కేసింది. వస్తున్న ఒంటెని అతనూ చూశాడు. చూసి, బండి స్టార్ట్ చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ అదృష్టం తమ్ముడూ, అతిథి నీ వాటాకే వచ్చాడు" అని నవ్వుతూ పోయాడు.

ఒంటె వచ్చి ఖలఫ్ గుడారం ముందు మోకాళ్ళేసింది. పీకిన గుంజని ఖలఫ్ పరిగెత్తుకెళ్ళి మళ్ళీ పాతాడు.

ఒంటె ఎవరి గుడారం ముందు మోకాళ్ళేస్తే ఆ మనిషి వాళ్ళ అతిథి. అతిథి ఒంటె ముంగిట కూర్చుని ఉండగా గుడారం విప్పడమనేది జరగదు. వాళ్ళ తెగలో ఆ పని చేసినవాడు ఒక్కడున్నాడు, తాతల కాలంలో. వాడి ముని మనవళ్ళకి ఇప్పటికీ పిల్లనివ్వడానికి వెనకాడతారు.

మొదటిరోజు పొట్టేలు కోశాడు. మూడు రోజులు ఎక్కడికని గానీ ఎందుకని గానీ అడగలేదు, అడగకూడదు. నాలుగో రోజు ముసలాయనే చెప్పాడు. పేరు హువైమిల్, అందరూ అబూ మునీఫ్ అంటారు. కొడుకు మునీఫ్ ఇక్కడికి రెండు రోజుల దూరంలో ఒక బావి దగ్గర దిగి ఉన్నాడు. అక్కడికే ప్రయాణం. "ఇవాళే బయల్దేరేవాణ్ణి నాయనా. కానీ మా ఒంటె షక్రా లేవడం లేదు. ఏం చేస్తాం."

ఏం చేస్తాం అన్న మాట ఎంత హాయిగా అన్నాడంటే, ఖలఫ్‌కి అక్కడే ఒళ్ళు మండింది.

ఉల్లిపాయ రసం ముక్కులో పోద్దామంటే, "దానికి ఘాటు పడదు" అన్నాడు. వాత పెడదామంటే, "ఆడకూతురికి వాతలా" అన్నాడు. కర్ర తీస్తే కాఫీ గిన్నె కింద పెట్టేసి, నొచ్చుకున్న మొహం పెట్టాడు. పోనీ తిండి మానేసిందా అంటే అదీ లేదు. ఖలఫ్ గొర్రెలకని దాచుకున్న బార్లీని తట్టలకి తట్టలు లాగిస్తోంది.

ఐదో రోజు పొద్దున ఖలఫ్ అలా నిలబడి పళ్ళు నూరుతుండగా భార్య తుర్ఫా వంట పక్క తెర ఎత్తి, కళ్ళతో రమ్మంది. ఆ తెర అవతల అతిథి ఉన్నాడు. రోట్లో కాఫీ గింజలు దంచుతున్నాడు. ఈ ఇంటి కాఫీ తనకి నచ్చలేదని మొన్నట్నుంచీ ఆ పని తనే పెట్టుకున్నాడు.

"గొంతు లేపకుండా విను" అంది తుర్ఫా. "ఒంటెకి రోగం లేదు."

"ఆ సంగతి దాని పొట్టే చెప్తోంది."

"ఇందాక గాలికి కంబళి లేచింది. ఎడమ మోకాలు చూశాను. మడిచి, తాడుతో కట్టేసి ఉంది. అది లేవకపోవడం కాదయ్యా. లేవలేకపోవడం."

ఖలఫ్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఐదు రోజులు. గొర్రెల నోటి దగ్గరి బార్లీ. ఇంటి ముందు కట్టేసిన ఒంటెని పెట్టుకుని, దానికేం జబ్బో అని రాత్రిళ్ళు తను పడ్డ ఆలోచన.

"పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అందుకన్నమాట" అన్నాడు. "ఇప్పుడే పోయి అడుగుతా."

"ఏమని అడుగుతావు?"

"కంబళి ఎత్తి చూపిస్తా. ఇదేమిటని అడుగుతా."

"చూపించు. అంత వయసు మనిషి నీ గుడారంలో, నీ ఎదురుగా, అవును అబద్ధమాడానని తలొంచుకోవాలి. అప్పుడు నువ్వేం చేస్తావు? వెళ్ళమంటావా?"

"వెళ్ళమనను. ఆయనే వెళ్తాడు."

"వెళ్తాడు. అవమానపడి నీ గుమ్మంలోంచి వెళ్ళాడని రేపు కాఫీ కాసే ప్రతిచోటా చెప్పుకుంటారు. తాడు సంగతి ఎవరూ చెప్పుకోరు."

అది నిజం. నిజమవడం వల్ల ఖలఫ్‌కి ఇంకా కోపమొచ్చింది. తెర అవతల రోటి చప్పుడు మాత్రం కుదురుగా, తాళం తప్పకుండా వినిపిస్తోంది.

మధ్యాహ్నానికి నీళ్ళ ట్యాంకర్ తోలుకుని సఫూక్ వచ్చాడు. తుర్ఫా తమ్ముడు. ఎవరు ఎక్కడ దిగారో, ఎవరి బండి ఎక్కడ కూరుకుపోయిందో అన్నీ వాడికే తెలియాలి.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి బావా? వాగు వంపులో నీళ్ళ పక్క చోటంతా దహ్హామ్ పట్టేశాడు. వాళ్ళావిడ బట్టలు కూడా ఆరేసింది. ఇంకా రాళ్ళ వాలు ఒక్కటి మిగిలుంది. ఎల్లుండికి అదీ ఉండదు" అన్నాడు గొట్టం తొట్టిలో పెడుతూ. తర్వాత ఒంటె వైపు చూశాడు. "ఇది అబూ మునీఫ్ ఒంటె కదూ?"

"తెలుసా నీకు?"

"ఆయన్ని ఎరగని వాళ్ళెవరు? ఎక్కడికి పోతున్నాట్ట?"

"బావి దగ్గరికి. కొడుకు దగ్గరికి."

సఫూక్ గొట్టం వదిలేసి దగ్గరికొచ్చాడు. "ఆ బావి దగ్గర ఎవరూ లేరు బావా. మునీఫ్ మంద మొత్తం అమ్మేసి టౌన్లో గవర్నమెంటు వాళ్ళ సిమెంటు ఇంటికి పోయి రెండేళ్ళయింది. ఒంటెని అమ్మేసి రమ్మన్నాడట తండ్రిని. ఈయన ఒంటెనే ఎంచుకున్నాడు. అప్పట్నుంచీ ఇలాగే, ఈ గుడారం ముందు మూడు రోజులు, ఆ గుడారం ముందు మూడు రోజులు."

"నా దగ్గర ఐదు" అన్నాడు ఖలఫ్.

"నీ ఇంటి భోజనం బావుండి ఉంటుంది. మా అక్క చెయ్యి కదా."

ఖలఫ్ లోపలికెళ్ళి అతిథికి ఎదురుగా కూర్చున్నాడు. తిన్నగా అడగకూడదు. అడగకుండా ఊరుకోనూకూడదు. గొంతు సవరించుకుని, "హుసైమ్ వాగులో మంచి గడ్డి లేచిందట పెద్దాయనా" అన్నాడు.

"లేవదా మరి. అక్కడ వాన మామూలుగా పడలేదు నాయనా. కూర్చుంది. రెండు రాత్రులూ ఒక పగలూ కదలకుండా కూర్చుంది" అన్నాడు అబూ మునీఫ్. గిన్నె అతని చేతికిచ్చి, తనది కూడా నింపుకున్నాడు. "బరక. ఒంటె మోకాళ్ళేసిందనడానికి మనం అనే మాటే. కానీ మన పెద్దవాళ్ళు దాన్ని ఒక్క ఒంటెకే వాడి ఊరుకోలేదు. మబ్బు ఒకే నేల మీద వదలకుండా కురిస్తే ఆ మాటే. పోరులో నిలబడ్డచోటి నుంచి అడుగు వెనక్కి వెయ్యకపోతే ఆ మాటే. పల్లంలో నీళ్ళు పారిపోకుండా నిలిచినా దాంట్లోంచి పుట్టిన పేరే. ఇంట్లో మంచి వచ్చి వదలకుండా ఉంటే, అదీ అక్కణ్ణుంచే."

"నేను నాలుగో తరగతితో బడి మానేశాను పెద్దాయనా."

"అందుకే చెప్తున్నా. చదువుకున్నవాడికైతే చెప్పను. వాడు వినడు."

"అంటే వాన అక్కడ కూర్చుంది. దహ్హామ్ నీళ్ళ పక్కన కూర్చున్నాడు. మీ ఒంటె నా ముంగిట్లో కూర్చుంది. నిలబడి ఉన్నది నా గొర్రెలొక్కటే. అవీ ఇంకో రెండు రోజుల్లో కూర్చుంటాయి. ఆ కూర్చోడానికి కూడా ఏదైనా మాటుందా?"

ముసలాయన బొగ్గుల్ని అటూ ఇటూ కదిపాడు. "షక్రా లేస్తే ఈ క్షణం వెళ్ళిపోతాను" అన్నాడు చివరికి, మెల్లగా. ఈసారి హాయిగా అనలేదు.

ఖలఫ్ లేచి బయటికొచ్చేశాడు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. పికప్పు చక్రాన్ని ఒక తన్ను తన్నాడు. కాలి వేలు నొప్పెట్టింది. కుంటుకుంటూ బండి చుట్టూ తిరుగుతూ, వెనక తట్టు తలుపు వైపు చూశాడు. తర్వాత ఒంటె వైపు చూశాడు.

ఒంటెని బండిలో తీసుకెళ్ళాలంటే ఎలా తీసుకెళ్తారు? ముందు కూర్చోబెడతారు. మోకాళ్ళు కడతారు. అతను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు. ఈ ఒంటెని ఎవరో మహానుభావుడు ముందే కూర్చోబెట్టాడు, సగం కట్టేసి కూడా పెట్టాడు. మిగిలింది ఎక్కించడమే. ఇంత చిన్న సంగతి ఐదు రోజులు తన బుర్రకి తట్టనందుకు, ముసలాయన మీదకన్నా తన మీద తనకి ఎక్కువ చిరాకేసింది.

"సఫూక్" అని కేకేశాడు. "పారలు తే."

లోపలికి తల పెట్టి, "పెద్దాయనా, మీ ఒంటెని లేపొద్దు. జబ్బుగా ఉన్నదాన్ని లేపడం పాపం. కూర్చున్నది కూర్చున్నట్టే వాగుకి తీసుకెళ్దాం. పచ్చిగడ్డి తింటే అదే కుదుటపడుతుంది" అన్నాడు.

అబూ మునీఫ్ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఖలఫ్ కూడా కళ్ళు తిప్పుకోలేదు.

"ఒంటె లేవకుండా వెళ్తే" అన్నాడు ముసలాయన, "నేను నీ ఇంటి నుంచి వెళ్ళినట్టు కాదు కదా."

"కాదు. ఎక్కడ కూర్చుందో అక్కడే ఉన్నట్టు. నేలే మారుతుంది."

"అలాగైతే తప్పులేదు."

ఒంటె వెనక, బండి వెనక చక్రాలు దిగేంత గుంట తవ్వారు. బండి వెనక భాగం నేలకి సమానంగా రావాలి. ఇసుక కింద రాయి తగిలింది. ఖలఫ్ అరచేతులు బొబ్బలెక్కాయి. అబూ మునీఫ్ జీను దిండు తెప్పించుకుని గుంట గట్టున కూర్చుని, "ఎడమ చక్రం వైపు ఇంకో జానెడు. అలా కాదు నాయనా, పారని పడుకోబెట్టి తవ్వాలి. మీ నాన్న నీకు పార పట్టుకోవడం నేర్పలేదా" అంటున్నాడు.

"నేర్పేలోపు పోయాడు" అన్నాడు ఖలఫ్.

"బావా, ఇంత శుభ్రంగా తినే ఒంటెకి ఏం రోగమంటావు?" అన్నాడు సఫూక్ చెమట తుడుచుకుంటూ.

"తవ్వు."

దారిలో లేవకుండా రెండో మోకాలు కూడా కట్టాలి. ఖలఫ్ తాడు తీసుకుని కుడిపక్క వంగాడు. కంబళి కొంచెం ఎత్తి, మడిచిన కాలికి తాడు చుట్టి ముడేశాడు. అలవాటు చొప్పున చెయ్యి ఎడమ పక్కకి పోయింది. కంబళి అంచు మీద ముసలాయన చెయ్యి అప్పటికే ఉంది. ఎముకలూ నరాలూ తప్ప ఏమీలేని చెయ్యి.

"అటుపక్క నేను చూసుకుంటాలే" అన్నాడు అబూ మునీఫ్.

ఖలఫ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చూసుకోండి."

పాత గుడారపు గుడ్డ ఒంటె కిందికి తోసి, దానికి మోకు కట్టి, ట్యాంకర్‌తో మెల్లగా లాగించారు. ఒంటె ఎడారంతా వినేలా గొల్లున అరిచింది. సఫూక్ మీద ఉమ్మేసింది. లాగగా తోయగా బండిలోకి జారి, సర్దుకుని కూర్చుని, మళ్ళీ నెమరు మొదలెట్టింది. ముసలాయన్ని బండిలో ముందు సీటులో కూర్చోబెట్టి, చేతికి వేడి కాఫీ ఇచ్చి, అప్పుడు గుడారం విప్పారు. విప్పే సమయానికి అతిథి గుడారంలో లేడు. ఒంటె ముంగిట్లో లేదు. ఎవరూ ఏ మాటా అనడానికి లేదు. అతిథి మాత్రం అన్నాడు, కాఫీలో ఏలకులు తగ్గాయని.

వాగుకి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రాళ్ళ వాలు ఇంకా ఖాళీగానే ఉంది. నీళ్ళకి దూరం, ఎదురు గాలి, అయినా గడ్డి గడ్డే. గొర్రెలు సఫూక్ పిలిపించిన లారీ దిగీ దిగకముందే తలలు దించేశాయి. మళ్ళీ ఎత్తలేదు. ఖలఫ్ ఆ నమిలే చప్పుడు వింటూ ఒక రాయి మీద కూలబడ్డాడు. ఆరు రోజుల్లో అతని దవడలు వదులైంది అప్పుడే. అదీ ఎంతోసేపు కాదు. వాగు వంపులోంచి దహ్హామ్ నడుచుకుంటూ వచ్చాడు.

"అతిథిని కూడా సామాన్లతో పాటే తెచ్చుకున్నావా తమ్ముడూ? ఇదేం కొత్త పద్ధతి?" అని పడీ పడీ నవ్వాడు. "నీకు అన్నీ ఆలస్యమే. నీళ్ళ పక్కకి నీ గొర్రెల్ని తోలకు మరి, అక్కడ నావి ఉంటాయి."

గట్టు వాలుకి బండి వెనక భాగం ఆనించి ఒంటెని దించారు. కుడి మోకాలి తాడు ఖలఫ్ విప్పాడు. ఎడమ పక్కకి ముసలాయన వెళ్ళాడు, కంబళి సర్దాడు. కాసేపటికి ఒంటె లేచి నిలబడింది. ఒళ్ళు దులుపుకుని గడ్డి వైపు నడిచింది.

"చెప్పానా, పచ్చిగడ్డి" అన్నాడు అబూ మునీఫ్.

"చెప్పింది నేను" అన్నాడు ఖలఫ్.

నేల మారింది కాబట్టి మూడు రోజులు మళ్ళీ మొదటి నుంచి. ఆ మూడు రోజులూ ముసలాయన గుడారపు తాళ్ళు వదులుగా ఉన్నాయన్నాడు, గొర్రెల చెవి గుర్తులు వంకరగా ఉన్నాయన్నాడు, రొట్టె గట్టిగా ఉందని అంటూనే మూడు రొట్టెలు తిన్నాడు. నాలుగో రోజు పొద్దున తనే జీను కట్టుకున్నాడు.

"ఇంకో రోజు ఉండండి" అన్నాడు ఖలఫ్. అనాలి కాబట్టి అన్నాడు. అని, ఆయన ఎక్కడ సరేనంటాడోనని ఊపిరి బిగబట్టాడు. బావి దగ్గర ఎవరూ లేరన్న మాట గొంతు దాకా వచ్చింది. దాన్నీ మింగాడు.

"మూడు రోజులయ్యాయి నాయనా. పద్ధతి పద్ధతే" అన్నాడు అబూ మునీఫ్.

షక్రా లేచింది. వాలు దిగింది. బావి ఉన్న తూర్పు వైపు నాలుగడుగులు వేసి, తీరుబడిగా మలుపు తిరిగి, వాగు వంపులోకి నడిచి, దహ్హామ్ గుడారం ముందు మోకాళ్ళేసింది. ముసలాయన దిగాడు. ఒంటె ఎడమ పక్క వంగి చాలాసేపు కంబళి సర్దాడు.

"ఎడమ మోకాలేనా?" అంది తుర్ఫా, పక్కనొచ్చి నిలబడి.

"ఎడమే."

ఆరు రోజుల తర్వాత సఫూక్ ఇంకో కబురు తెచ్చాడు. పై మెట్ట మీద రెండోసారి వాన పడింది. మొదట చేరినవాడిదే చోటు. కబురు వాగంతా పాకింది. గంట తిరక్కముందే దహ్హామ్ వచ్చాడు. ఈసారి నవ్వడం లేదు. కళ్ళ కింద నల్లబడింది.

"ఆ ఒంటె లేవడం లేదు తమ్ముడూ. నీ దగ్గర కూడా ఇలాగే పడుకుందటగా. ఏం మందు వేశావు?"

"ఏం మందూ లేదన్నా. పెద్దాయన ఎలా చెప్తే అలా చేశా."

"ఆయన చెప్పడం తప్ప ఏం చేస్తున్నాడు? నా గుంజలన్నీ వంకరట. నేను గుడారం ఎప్పుడు విప్పను, ఎప్పుడు పోను?"

"నీ అదృష్టం" అన్నాడు ఖలఫ్.

గుంట తవ్వి, కూర్చున్న ఒంటెని కూర్చున్నట్టే పికప్పులో ఎక్కించే ఉపాయం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. పోయినేడు చేతుల్లో పోయిన గొర్రెపిల్లలు గుర్తొచ్చాయి. చెప్పలేదు. ఎలాగూ సఫూక్ చెప్పేస్తాడు, వాడి నోరు ఆగదు. కాకపోతే రెండు రోజులు పడుతుంది. తనకి కావలసింది ఆ రెండు రోజులే.

మర్నాడు పొద్దున్నే సామాను ఎక్కించుకుని బయల్దేరాడు. దారి దహ్హామ్ గుడారం ముందు నుంచే. అబూ మునీఫ్ నిప్పు పక్కన కూర్చుని కాఫీ దంచుతున్నాడు. బండి చూసి చెయ్యెత్తి ఆపమన్నాడు. ఖలఫ్ ఆపాడు. ఆపకుండా పోయేంత ధైర్యం అతనికి లేదు.

ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, లోపల దహ్హామ్‌కి వినపడకుండా గొంతు తగ్గించాడు. "మెట్ట ఎక్కాక నీళ్ళ వైపు పోకు. ఎడంపక్క గుట్ట చాటున దిగు. అక్కడ గడ్డి ఆలస్యంగా ఎండుతుంది. గాలి కూడా తగలదు. షక్రాకి గాలి పడదు."

"మీరెక్కడికి పెద్దాయనా? బావి దగ్గరికి కదా?"

"బావికే. దారిలో రెండు మూడు రోజులు ఆగుతాంలే."

ఖలఫ్ గేరు వేశాడు. దారి పొడుగునా ముసలాయన్నీ, ఒంటెనీ, తాతల కాలంలో గుడారం విప్పినవాడినీ, విప్పకూడదన్న వాళ్ళనీ అందర్నీ వరసపెట్టి తిట్టాడు. తుర్ఫా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మెట్ట మీద నీళ్ళ పక్క చోటు ఖాళీగా ఉంది. ఖలఫ్ బండి ఆపకుండా దాన్ని దాటించాడు. గాలి తగలని గుట్ట చాటు దొరకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. తిట్టుకుంటూనే వెతికాడు.